రాముడి పెట్టెలో ఐదో కాగితం

మార్చి 16, ఆదివారం

పుట్టినరోజుకు మోహనప్రియ ఈ డైరీ పంపింది. కౌలాలంపూర్‌లో చరిత్ర పాఠాలు చెప్పుకునే కూతురు అమ్మకు చీర కొనదు, రాసుకోవడానికి పుస్తకం కొంటుంది. సరే, అట్ట బాగుంది, రాద్దాం.

శ్రీకుమార్ ఫోన్ చేశాడు. మా తెలుగు సంఘం అధ్యక్షుడు. శ్రీరామనవమి సాయంత్రం హాల్లో నేను పది నిమిషాలు మాట్లాడాలట. విషయం ‘మన పూర్వీకుల భక్తి, బానిస బతుకుపై వారి తిరుగుబాటు’. మలేసియాలోని ఈ ఇపో ఊళ్లో ఇంతమంది తెలుగువాళ్లుండగా నన్నే ఎందుకంటే, కాగితం చూడకుండా తెలుగు మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్నారు, పైగా రిటైరైన టీచర్ని, ఖాళీగా ఉంటానని ఊరంతా నమ్మకం. ‘ఇంకెవరినైనా అడగరాదా’ అని రెండుసార్లు అన్నాను. మూడోసారి అంటే నిజంగానే అడుగుతాడేమోనని ఒప్పేసుకున్నాను.

ఆ సంతోషంలో పాలు పొయ్యి మీద మరిచిపోయాను. పనిపిల్ల లీనాను పిలిచాను. పలకలేదు. ఆదివారం ఎనిమిది దాటితే అది పలకదు. పనంతా ముగించి, ఉన్న ఒక్క మంచి గౌను తొడుక్కుని, వెనక గుమ్మంలో కూర్చుంటుంది. ఫోన్లో చర్చి ప్రార్థన, చేతిలో జపమాల. ఆ గంటసేపు ఇల్లు కూలినా లేవదు. తర్వాత వచ్చి మెల్లగా ‘ఆ గంట దేవుడిది, పువాన్’ అంది. పువాన్ అంటే అమ్మగారు. నోటితో అమ్మగారూ అంటూనే మాట వినకపోవడం ఈ పిల్లకే చెల్లింది. పొయ్యంతా పాలు.

చర్చికే పంపొచ్చు కదా అంటుంది మోహనప్రియ. ఆదివారం అత్తకు తలంటు. ఎలా పంపను?

మార్చి 19, బుధవారం

లీనా మళ్లీ అడిగింది.

అసలు పేరు మర్సెలినా. ఇండోనేసియాలో ఫ్లోరెస్ అనే దీవి నుంచి వచ్చి మూడేళ్లుగా మా అత్తను చూసుకుంటోంది. ఒప్పందం జనవరిలోనే అయిపోయింది. ఊళ్లో దానికి తొమ్మిదేళ్ల కూతురు. ఏప్రిల్ 27న ఆ పిల్లకు ‘సంబుత్ బారు’. చర్చిలో మొదటిసారి ప్రసాదం తీసుకునే రోజన్నమాట. వాళ్ల ఊళ్లో అది పెళ్లంత పండగట. తల్లి పక్కన నిలబడాలట.

‘తెంగొక్ లా’ అన్నాను. చూద్దాంలే అని. ఇక్కడ ఏ భాష మాట్లాడినా చివర ‘లా’ తగిలిస్తారు, మన ‘లే’ లాగా. కాదనలేదు కదా. నవమి దాటనీ, చూద్దాం.

దాని పాస్‌పోర్టు పూజగదిలో మా అందరి కాగితాలున్న కవర్లోనే ఉంది, భద్రంగా. తాళంచెవి నా దగ్గర. అత్త మందులు, బీరువా, గేటు, అన్నిటి తాళాలూ నా దగ్గరే. ఎవరో ఒకరు చూసుకోవాలిగా.

మార్చి 23, ఆదివారం

పక్కింటి లోగేశ్వరి వచ్చి రెండు కాఫీలు తాగింది. దాని పనిమనిషి పారిపోయి నేటికి వారం. ‘ఆదివారం బయటికి పంపినాను ఉమా, అదే తప్పు లా. నీ దాని పాస్‌పోర్టు మాత్రం చేతికి ఇయ్యకు’ అని తమిళంలో ఒకసారి, నాకోసం తెలుగులో ఒకసారి చెప్పింది.

నేనేం దాచలేదే, భద్రంగా పెట్టాను. ఆ తేడా లోగేశ్వరికి తెలియదు.

మార్చి 25, మంగళవారం

ఉపన్యాసానికి కాస్త బరువు కోసం ప్రియను అడిగితే అమెరికా గురించి ఏకంగా నలభై పేజీలు పంపింది. కళ్లజోడు మార్చి మార్చి చదివాను.

ఎంత సిగ్గులేని మనుషులు! ఉదయం ప్రార్థన, మధ్యాహ్నం మనుషుల బేరం. బానిసలు అదే దేవుణ్ణి నమ్ముకుని, అదే పుస్తకంలో విడుదల కథ వెతుక్కుని, చాటుగా చేరి పాడుకునేవారట. యజమానులకు ఆ పాటలంటే భయమట. క్వేకర్లని ఒక మతశాఖ ఉండేదట. వాళ్లలో కొందరు పెద్దలు ఇంటింటికీ వెళ్లి, ‘నీ ఇంట్లో ఉన్న మనిషిని ఎప్పుడు వదులుతావు’ అని తోటి భక్తులనే నిలదీసేవారట. అడిగించుకున్నవాళ్లలో చాలామంది, మేం బాగానే చూసుకుంటున్నాం, మా ఇంట్లో మనిషిలాంటిదే అనేవారట. చదివి నవ్వొచ్చింది. భలే సాకు.

నా పాత కంచి చీర లీనాకు ఇచ్చాను. మనింటి మనిషే కదా.

ప్రియ ఫోన్లో, ‘అమ్మా, లీనాక్క పాస్‌పోర్ట్ ఇచ్చినావా? అది నువ్వు పెట్టుకుంటే చట్టం ఒప్పుకోదు లా’ అంది. దీనికి తెలుగులో వచ్చే పది మాటల్లో చట్టం ఒకటెలా చేరిందో!

మార్చి 30, ఆదివారం, ఉగాది

వేపపువ్వు మా ఆయన తెచ్చారు. పెళ్లయి ముప్పై మూడేళ్లయినా సూరిబాబు గారికి వేపపువ్వుకూ కరివేపాకు పువ్వుకూ తేడా తెలియదు. రెండోసారి పంపాను.

పచ్చడి ముందు అత్త నోట్లోనే పెట్టాలి. ఎనభై ఆరేళ్లు. పేరు చిన్నతల్లి, ఇంట్లో అందరికీ పెద్దతల్లి. లీనా చెంచాతో పెడుతూ ‘ఏటి నేనెక్, సేదుగుందా?’ అంది. నేనెక్ అంటే వాళ్ల మాటలో అవ్వ. మిగతా తెలుగు మొత్తం అత్త దగ్గర పట్టిందే. నా కూతురికన్నా మా పనిపిల్లకు తెలుగు బాగా వచ్చు. ఇది సంఘంలో చెప్పకూడదు.

అత్తను ఉపన్యాసానికి ఏదైనా చెప్పమన్నాను. బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో పుట్టిన మనిషి. వాళ్ల నాన్న అప్పయ్య గారు అక్కడ రామభజన నడిపినవాడు. ‘పెట్టె కత రాసుకో’ అని నిద్రపోయింది.

పెట్టె నాకు తెలియనిదా! తోట నుంచి వచ్చిన చెక్కపెట్టె. ప్రతి నవమికీ ఇంటివాళ్ల కాగితాలన్నీ దాంట్లో వేసి రాముడి ముందు పెడతాం. హారతయ్యాక ఎవరిది వాళ్లే తీసుకోవాలి, ఒకరికొకరు అందించకూడదు. అందరూ తీసుకునేదాకా మూత వెయ్యరు, పానకం ముట్టరు. కాగితాలకు ఆశీర్వాదం, అంతే. ఇందులో కథేముంది?

ఏప్రిల్ 2, బుధవారం

కథ ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇవాళ లీనా కాళ్లకు నూనె రాస్తుంటే అత్త చెప్పుకుపోయింది. మాట తప్పిపోకుండా అలాగే రాస్తున్నాను.

‘మా అయ్యకి సదువు రాదు. రామభజన ఒచ్చు. తోటలో కూలోల్ల సీటీలన్నీ కిరాణీ బాబు బీరువాలో ఉండీవి. సీటీ నేకపోతే ఇంకో తోటలో పనీయరు, ఊరెల్లడానికి ఓడెక్కనీరు. అడిగితే, నవమి ఎల్లనీ సూద్దాం అనీవోడు. నవమి ఎల్తే దీపావలి ఎల్లనీ అనీవోడు.’

సీటీలంటే చీటీలు, కూలీల గుర్తింపు కాగితాలు. కిరాణీ అంటే తోట ఆఫీసులో గుమస్తా. మా తాత కూడా కిరాణీయే, సుంగై పెటాని దగ్గర ఇంకో తోటలో. ఆ మాట అత్తకు గుర్తుచేశాను. ‘నాకు తెలుసులే’ అంది.

‘ఆ కిరాణీ బాబు సెడ్డోడు కాదే. రాముడి పటం ఆయనే కొని తెచ్చినాడు. భజనలో గంట ఆయనే కొట్టీవోడు. ఒక నవమికి మా అయ్య ఎల్లి, బాబూ, ఆ సీటీలు రాముడి కాడ పెడితే అందరికీ మేలు, తమకీ పున్నెం అన్నాడు. కిరాణీ బాబు సంబరపడిపోయి పెట్టెతో తెచ్చినాడు. మంగలారతైంది. అప్పుడు మా అయ్య మూత తీసినాడు. రాముడి కాడ పెట్టింది పెసాదం, ఎవురి పెసాదం ఆల్లు తీసుకోండి అన్నాడు. బాబూ, మాకు సదువు రాదు, పేర్లు తమరే సదవాలి అన్నాడు.’

‘ఆయన చదివాడా?’

‘అందరూ సూస్తన్నారు. రాముడు సూస్తన్నాడు. ఏటి సేస్తాడు, సదివినాడు. మాయమ్మ సీటీ తీసి కొంగున ముడేసుకుంది. నాకు ఎనిమిదేల్లు. ఆ కొంగు పట్టుకుని నిలబడినాను.’

‘తర్వాత లాక్కోలేదా?’

‘పెసాదం లాక్కుంటారేటి? మా అయ్యకి మూణ్నెల్లు దూరం బ్లాకులో పనేసినారు. అంతే.’

‘మరి కిరాణీ?’

‘పానకం తాగినాడు.’

లీనా, అత్తా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్లు గగుర్పొడిచింది కూడా. ఇంత కథ ఇంట్లో పెట్టుకుని అమెరికా దాకా వెళ్లానా! హాలు దద్దరిల్లుతుంది.

‘నవమి ఎల్లనీ సూద్దాం’ అన్నప్పుడు అత్త నన్ను చూస్తూ అందో, కిటికీలోంచి చూస్తూ అందో గుర్తురావడం లేదు.

ఏప్రిల్ 3, గురువారం

అది వేరు, ఇది వేరు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఉపన్యాసం పూర్తయింది. ఆఖరి వాక్యం నాకే ముచ్చటేసింది: ‘ఆ అప్పయ్య గారి బాటలోనే ఈనాటికీ మేము నడుస్తున్నామని సగర్వంగా మనవి చేసుకుంటున్నాను.’

మా ఆయనకు చదివి వినిపించాను. బాగుందన్నారు. కాసేపు పేపరు తిరగేసి, ‘లీనా కాయితం కూడా ఏటా పెట్టెలోనే పడతాది కదా, ఉమా?’ అన్నారు. కవరు మొత్తం బోర్లిస్తాను కాబట్టి పడుతుంది, చివరికి మిగిలినవాటితో పాటు నేనే కవర్లో పెట్టేస్తాను అన్నాను. ‘ఊఁ’ అన్నారు. ఈయన ఊఁ కన్నా తిట్టు నయం.

అది వెళ్లిపోతే అత్తను ఎవరు ఎత్తుతారు? ఈయన నడుం సంగతి నాకు తెలుసు, నా మోకాళ్ల సంగతి ఈయనకు తెలుసు. రోజుకు ఆరుసార్లు ఎత్తి దించాలి. అత్త మా ఇద్దరి చేతా అన్నం తినదు. నాకు భయంగా ఉంది. ఇది ఎవరితోనూ అనలేదు.

ఏప్రిల్ 5, శనివారం

పూజగదిలో చీమలు పట్టాయి. కొన్ని కాగితాలు నా బీరువాలో పట్టుచీరల కిందికి మార్చాను.

కొన్ని అంటే ఒకటి.

ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి

ఉన్నదున్నట్టు రాస్తాను. నాకు తప్ప ఇది ఎవరికీ అక్కర్లేదు.

పొద్దున్నే ప్రియ దిగింది. తొమ్మిదింటికి భజనవాళ్లు పదిహేనుమంది వచ్చారు, ముందు వరసలో శ్రీకుమార్. లీనా నా కంచి చీర కట్టుకుంది. దాని గంట వదులుకుందా అని చూస్తే, ఐదింటికే లేచి గుమ్మంలో కూర్చుని ముగించేసిందట. దేవుడి గంటను ముందుకు జరపొచ్చని నాకు ఎప్పుడూ చెప్పలేదే!

హారతి బాగా జరిగింది. నా గొంతు కూడా కుదిరింది. పెట్టె మూత తీశారు. ఆయన ఇంటి పట్టా, తన కార్డూ తీసుకున్నారు. నేను నా పాస్‌పోర్టు తీసుకున్నాను. ప్రియ తన సర్టిఫికెట్లు తీసుకుంది. అత్త చేతికి పెట్టె వంచితే, ఎప్పటిదో రెండు ముక్కలైన పుట్టుక కాగితం తీసి ఒళ్లో పెట్టుకుంది. పానకం గ్లాసుల్లో పోస్తున్నారు. నేను మూత వెయ్యబోయాను.

‘ఉండు’ అంది అత్త.

చక్రాల కుర్చీలోంచి పెట్టెలోకి తొంగి చూసింది. ‘ఈ ఇంట్లో ఎంతమందిమే?’

‘నలుగురం అత్తా.’

‘ఐదుగురం. తీసుకున్నోల్లు నలుగురు. ఐదోది ఏదే?’

శ్రీకుమార్ పానకం గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆపాడు. భజనవాళ్లందరికీ మా ఇంటి పద్ధతి తెలుసు. ఎవరూ తాగలేదు. లీనా నేల చూస్తోంది. ప్రియ నన్ను చూస్తోంది. మా ఆయన రాముడి పటం చూస్తున్నారు, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు.

‘చీమలు పట్టాయని పైన పెట్టాను’ అన్నాను.

‘సీమలేటి సేసినాయే, తీసుకురా’ అంది అత్త. కోపంగా అనలేదు. అన్నం పెట్టమన్నట్టు అంది.

పైకి వెళ్లాను. మంచం మీద కూర్చున్నాను. కింద ఎవరో భజన తాళం వాయిస్తూ ఖాళీ నింపుతున్నారు. చీరల కింద చెయ్యి పెడితే వెంటనే తగిలింది. దొరకలేదని చెప్పొచ్చు. సాయంత్రం వెతుకుతా అనొచ్చు. అందరూ నమ్మినట్టు నటిస్తారు, నేనూ నటిస్తాను, ఆ పిల్ల ఇంకో దీపావళిదాకా ఉంటుంది. ఇదంతా ఒక్క నిమిషంలో అనుకున్నాను. సిగ్గుపడ్డాను. పడుతూనే ఇంకాసేపు అనుకున్నాను.

సుంగై పెటానిలో మా తాత బీరువా గుర్తొచ్చింది. దాని తాళంచెవి జంధ్యంలా మెడలో వేసుకుని తిరిగేవాడని మా అమ్మ మురిపెంగా చెప్పేది.

కిందికి వచ్చి పాస్‌పోర్టు లీనాకు అందించబోయాను. నవ్వుతూనే. పెద్దమనసు ఉన్నదానిలా.

‘నువ్వియ్యకు’ అంది అత్త. ‘నీదైతే ఇయ్యొచ్చు. పెట్టెలో ఎయ్యి. అది తీసుకుంటాది. పేరు సదువు.’

పెట్టెలో వేసే ముందు తెరిచి చదివాను. మరియా మర్సెలినా నోనా. ఇంత పొడుగు పేరుందని నాకు తెలియదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు, మూసి పెట్టడమే.

లీనా వచ్చింది. నుదుటి మీద, గుండె మీద, రెండు భుజాల మీద వేళ్లు తాకించుకుంది. రాముడికి దండం పెట్టింది. తన పాస్‌పోర్టు తను తీసుకుంది. కంచి చీరకు కొంగు ఉంటుంది కదా, దాంట్లో పెట్టి ముడేసుకుంది. ఆ ముడి చూసి అత్త ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకో మాత్రం అడగొద్దు.

అత్త మూత వేసింది. అందరూ పానకం తాగారు.

నేనూ తాగాను.

సాయంత్రం హాల్లో అప్పయ్య గారి కథ చెప్పాను. కిరాణీ దగ్గరికి వచ్చేసరికి, ‘ఆయన మంచివాడే, భక్తుడే, అందుకే తన చేతిలో ఉన్నదేమిటో తనకు కనపడలేదు’ అన్నాను. ఇది కాగితంలో లేదు. సగర్వంగా మనవి చేసుకునే వాక్యం చదవలేదు. పది నిమిషాలనుకున్నది నాలుగు నిమిషాల్లో ముగిసింది. ఈ మధ్య ఏ ఉపన్యాసానికీ ఇన్ని చప్పట్లు పడలేదన్నాడు శ్రీకుమార్.

ఏప్రిల్ 7, సోమవారం

లీనా ఎప్పటిలాగే ఐదున్నరకు లేచింది. పారిపోలేదు. లోగేశ్వరి మూడుసార్లు గోడ మీంచి తొంగిచూసింది.

ఏప్రిల్ 13, ఆదివారం

లీనా చర్చికి వెళ్లింది. ఆయనే కారులో దింపారు. తాటాకుతో అల్లిన శిలువ తెచ్చి అత్త మంచానికి కట్టింది. అత్త దాన్ని తాకి చూసి, ‘మన తాటాకే’ అంది.

తలంటు నేనే పోశాను. నీళ్లు అత్త చెవిలోకి, నా చీర మీదికి, గోడ మీదికి. తల మీద తప్ప అన్నిచోట్లా పడ్డాయి. ‘సంపేస్తావేటే’ అని అరిచింది. నా మోకాళ్లు విరగలేదు. నడుం సంగతి రేపు తెలుస్తుంది.

ఏప్రిల్ 21, సోమవారం

టికెట్టు ప్రియ తీసింది. రెండు విమానాలు, ఒక ఓడ, తర్వాత ట్రక్కు. ఈస్టర్ ఇక్కడే చేసుకుని ఇవాళ బయల్దేరింది. అత్త దానికి తన వెండి పట్టీలు ఇచ్చింది, కూతురికని. ‘నాను పట్టుకున్న కొంగు మాయమ్మది. నువ్వెల్లి నీ గుంటకి కొంగందియ్యి’ అంది. లీనా అత్త కాళ్లకు మొక్కింది. మా ప్రియకు ఎన్నిసార్లు చెప్పినా రాని పని.

నన్ను కూడా కౌగిలించుకుంది. తిరిగి వస్తావా అని అడగడానికి నోరు రాలేదు. మా ఆయన, నేను విమానాశ్రయంలో దింపి వచ్చాం. ఇంటికొచ్చి చూస్తే వెనక గుమ్మం ఊడ్చి, ముగ్గు పెట్టి ఉంది.

ఏప్రిల్ 24, గురువారం

అత్త నా చేతి అన్నం తింది. మూడు ముద్దలు. నాలుగోది ఉమ్మేసింది.

ఏప్రిల్ 27, ఆదివారం

ఎనిమిదింటికి పనంతా ముగించి వెనక గుమ్మంలో కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో తెలియదు, చల్లగా ఉంటుంది.

మధ్యాహ్నం వీడియో వచ్చింది. తెల్ల గౌను, తల మీద పూలు, కాళ్లకు అత్త పట్టీలు. పక్కనే లీనా, నా కంచి చీరలో. ఆ పిల్ల ఆ కొంగు గట్టిగా పట్టుకుని నిలబడింది. అత్తకు పదకొండుసార్లు చూపించాను.

అప్పుడు ధైర్యం చేసి మెసేజ్ పెట్టాను. ‘లీనా, మళ్లీ వస్తావా? పాస్‌పోర్టు నీ దగ్గరే ఉంటుంది, ఆదివారం నీదే. అత్త అడుగుతోంది.’ అత్త అడగలేదు. ఆ వాక్యం కొట్టేసి, ‘నేను అడుగుతున్నాను’ అని పంపాను.

సాయంత్రం జవాబు వచ్చింది. నవ్వుతున్న బొమ్మ ఒకటి, దాని కింద మూడు మాటలు.

‘తెంగొక్ లా, పువాన్.’

మూడేళ్లు ఈ ‘చూద్దాంలే’ నేనన్నాను. ఇది విని రోజులు లెక్కపెట్టుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలియడం ఇవాళే మొదలైంది.